పుడకల దాకా ఆగనక్కర్లేదు

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ ఉన్న మనిషి విషయంలో ఈ సామెతను మనం మరీ నిర్దయగా వాడుతున్నాం. పొద్దున ప్రాణంలా చూసుకున్న స్నేహితురాలిని సాయంత్రానికి శత్రువంటుంది. ఫోన్ ఎత్తకపోతే తనను తాను గాయపరచుకుంటుంది. మళ్లీ ఏడుస్తూ వచ్చి, వదిలిపెట్టొద్దని బతిమాలుతుంది. ‘పొగరు’ అంటారు పెద్దలు. ‘అటెన్షన్ కోసం డ్రామాలు’ అంటారు కుర్రకారు. ఇలాంటివాళ్లను జీవితంలోంచి తీసేయండని యూట్యూబ్ సలహాదారులు చెబుతారు. ఫైల్లో ఈ జబ్బు పేరు కనబడగానే ముఖం చిట్లించే డాక్టర్లూ ఉన్నారు. ఈ మాటలన్నిటి అడుగునా ఉన్న నమ్మకం ఒకటే: వీళ్లకు ఎదుటి మనిషితో కలవడం చేతకాదు, కలవాలనీ ఉండదు, ఎన్నటికీ మారరు. ఈ నమ్మకం తప్పు. పైగా ప్రాణాల మీదికి తెచ్చే తప్పు.

బెల్జియంకు చెందిన సంగీత చికిత్సకురాలు కత్రీన్ ఫూబేర్, ఆమె సహచరులు 2017లో ఒక పరిశోధన ప్రచురించారు. ఈ రుగ్మత ఉన్న 16 మంది, లేని 12 మంది పియానో మీద అప్పటికప్పుడు తోచింది వాయించారు. ఒంటరిగా కాదు, తోడుగా మరొకరి వాద్యం నడుస్తుండగా. ఆ తోడు వాద్యాన్ని మూడు భాగాలుగా అమర్చారు. మధ్య భాగం స్వేచ్ఛగా సాగుతుంది, చివరిది మళ్లీ మొదటి దారికే వస్తుంది. పరిశోధకులు కొలిచింది సంగీతం బాగుందా లేదా అని కాదు, ఇద్దరి లయ మధ్య ఎంత ఎడం ఉందని. మధ్య భాగం సాగేకొద్దీ రుగ్మత లేనివారి లయ తోడు వాద్యానికి దగ్గరవుతూ వచ్చింది. ఉన్నవారిది అలా దగ్గర కాలేదు.

‘చూశారా, కలవలేరని లెక్కలే చెప్పాయి’ అనేవాళ్లుంటారు. నేను ఒప్పుకోను. వాళ్లు వాయించడం మానేయలేదు, లేచి పోలేదు. తేడా వచ్చింది ఒకానొక చోట: ఎదుటివారు స్వేచ్ఛగా కదులుతున్నప్పుడు, వారిని కనిపెట్టుకుంటూ కొద్దికొద్దిగా దగ్గరయ్యే పనిలో. చెడ్డ బుద్ధి అనడానికీ, ఫలానా పని దగ్గర ఇబ్బంది పడుతున్నారనడానికీ చాలా దూరం ఉంది. బుద్ధి అంటే చేతులెత్తేస్తాం. ఇబ్బంది ఎక్కడుందో తెలిస్తే అక్కడ కూర్చుని సాయం పట్టవచ్చు.

కర్ణాటక సంగీత కచేరీ విన్నవారికి ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. కీర్తనలో వయొలిన్ విద్వాంసుడికి దారి తెలుసు. ఆలాపనలో తెలియదు. గాయకుడు ఏ స్వరం మీద నిలుస్తాడో, ఎక్కడ మలుపు తిరుగుతాడో గమనిస్తూ, ఒక్క క్షణం వెనకబడినా కంగారుపడకుండా వెంట నడవాలి. వెనకబడిన ఆ క్షణాన్ని ‘నన్ను వదిలేసి వెళ్లాడు’ అనుకున్నవాడు ఇక వాయించలేడు. ఈ రుగ్మత ఉన్నవారికి భరించరానిది సరిగ్గా ఆ క్షణమే అని నా అభిప్రాయం. రోజూ రాత్రి తొమ్మిదికి ఫోన్ చేసే మనిషి ఒకరోజు చేయకపోతే, మనకది ఆలస్యం. వాళ్లకది తెగతెంపులు.

పియానో దాకా ఎందుకు, 2008లో ‘సైన్స్’ పత్రికలో బ్రూక్స్ కింగ్-కాసస్ బృందం ప్రచురించిన ఆట చూడండి. ఒకరు డబ్బు పెడతారు, అది మూడింతలై రెండోవారికి చేరుతుంది, అందులో ఎంత తిరిగివ్వాలన్నది వారి ఇష్టం. నమ్మకం సడలి పెట్టుబడి తగ్గినప్పుడు, మామూలు ఆటగాళ్లు కాస్త ఎక్కువ తిరిగిచ్చి అవతలివారిని మంచి చేసుకున్నారు. రుగ్మత ఉన్నవారు ఆ పని అంతగా చేయలేకపోయారు. ఇక్కడా చిక్కు మధ్యలోనే, చెడిన పొత్తును సరిచేసుకోవడంలోనే.

ఇక మారరన్న మాట. అమెరికాలో మేరీ జానరిని బృందం 290 మంది రోగులను ఏళ్ల తరబడి గమనించింది. పదేళ్లలో 93 శాతం మందికి కనీసం రెండేళ్లపాటు రోగలక్షణాలు తగ్గిపోయాయి. అయితే మనుషులతో సంబంధాలు, ఉద్యోగం కూడా కుదుటపడి పూర్తిగా కోలుకున్నవారు సగం మందే. సామెతకు ఈ 93 చాలు జవాబు. నన్ను బాధపెట్టేది ఆ మిగిలిన సగం. వారిలో చాలామందికి జబ్బు తగ్గినా, మనుషులతోనో ఉద్యోగంతోనో జీవితం కుదుటపడలేదు.

ఆ లోటు దగ్గర సంగీతం సాయపడవచ్చని నా ఆశ. అయితే మన పత్రికలు సంగీత చికిత్స అనగానే ఏ జబ్బుకు ఏ రాగమో పట్టిక వేస్తాయి. రికార్డింగ్ వింటే మనసు నెమ్మదించవచ్చు, కాదనను. కానీ రికార్డింగ్ మనకోసం ఆగదు, మన తప్పుకు తన నడక మార్చుకోదు. 1950ల చివర్లో ఇంగ్లండ్‌లో కలిసిన పాల్ నార్డాఫ్, క్లైవ్ రాబిన్స్ ఎదుగుదల లోపాలున్న పిల్లలతో కలిసి వాయించారు. పిల్ల డప్పు ఎలా కొడితే పియానో అలా దారి మార్చుకునేది. నేను కోరుతున్నది ఆ రకం సంగీతం.

ఆ బెల్జియం పరిశోధన చిన్నది, చికిత్స ఫలితాన్ని అది కొలవలేదు. లయ తేడాలను బట్టి ఎవరికి రుగ్మత ఉందో 82 శాతం సరిగ్గా చెప్పగలిగారు గనక, రేపు ఎవరైనా దీన్ని ముద్ర వేసే పరీక్షగా మార్చబోతే నేను వ్యతిరేకిస్తాను. ఎడం ఎక్కడుందో కనిపెట్టింది ఆ మనిషి దగ్గర కూర్చోవడానికి గానీ, వెలి వేయడానికి కాదు.

విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది. ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ నేర్పిన చోటు అది. ఎదుటివారి మనోధర్మాన్ని పట్టుకుని వెంట నడిచే విద్య మన దగ్గర కొత్తగా పుట్టాల్సింది కాదు. ఆ విద్య నేర్చినవారిలో ఆసక్తి ఉన్నవారికి మానసిక చికిత్సలోనూ తగిన శిక్షణ ఇవ్వాలి. ఎర్రగడ్డ, విశాఖ మానసిక వైద్యశాలల్లో వారికి ఉద్యోగాలివ్వాలి. వారానికి ఒక గంట, ప్రతివారం అదే రోగి, అదే తోడు. రోగి కోపంతో మధ్యలో లేచిపోయినా, వచ్చే వారం అదే వేళకు ఆ తోడు అక్కడే ఉండాలి.