గొర్రెపిల్లలకే తొలి బంతి

కాపరి అన్నలారా, అక్కలారా, సర్పంచులారా!

2019 పశుగణనలో దేశంలోని గొర్రెలు 7.43 కోట్లు. అందులో తెలంగాణవి 1.91 కోట్లు, ఆంధ్రవి 1.76 కోట్లు. దేశం మందలో దాదాపు సగం మన దగ్గరే ఉంది. అది మేసే బీడును పట్టించుకున్నదెవరు?

తొలకరికి గడ్డి తలెత్తీ ఎత్తకముందే ఊరి మందలన్నీ దాని మీద పడతాయి. గొర్రెకు రుచైన గడ్డంటే మోజు. కొరికిన దుబ్బు రెండాకులు వేయగానే మళ్లీ దాన్నే కొరుకుతుంది. ఆకు పోయిన గడ్డి దుబ్బు మొదళ్లలో, వేళ్లలో దాచుకున్నది తిని బతుకుతుంది. అదీ అయిపోతే చస్తుంది, ఆ చోట వయ్యారిభామ లేస్తుంది.

ముందు దెబ్బతినేది పిల్లలే. ముదురు గడ్డితో తల్లి ఎలాగో నెట్టుకొస్తుంది. మూడు నెలల పిల్లకు పొట్ట చిన్నది, ఆకలి పెద్దది. లేత ఆకే కావాలి. పైగా నట్టలు! పెంటికల్లో పడ్డ గుడ్లు వాన తడికి వారంలో పిల్లలై గడ్డి పరకలెక్కుతాయి. రోజూ అక్కడే మేసే గొర్రెపిల్ల వాటినీ మింగుతుంది. నట్టల మందు తాగించి మళ్లీ ఆ బీడుకే తోలితే డబ్బు దండగ.

అందుకే ఊరి మేత పోరంబోకును ఐదు ముక్కలు చేద్దాం. వాగు, గట్టు, బండ్లదారి, ఉన్న గుర్తులే హద్దులు. వానాకాలమంతా ముక్కకు వారం చొప్పున మేపితే, మేసిన చోటికి నాలుగు వారాల విరామం దొరుకుతుంది. ఆలోగా గడ్డి తేరుకుంటుంది, ఎండకు కొన్ని నట్టలు చస్తాయి. అన్నీ చావవు, మందు మానొద్దు. కొత్త ముక్కలోకి పాలు మరిచిన పిల్లల్ని ముందు వదలాలి. అవి చివుళ్లు మేశాకే తల్లులు. పెళ్లిలో పిల్లలకు తొలి బంతి వేయమా?

వంతులు పెట్టాం కదా అని మందను రెట్టింపు చేస్తే మాత్రం ఫలితం సున్న. బీడు మోసేదెంతో అంతే మేపాలి.

“బీడు మూయడమంటే మళ్లీ పుల్లరేనా?” అంటారు కొందరు. ఆ మేత పన్నును ఎదిరించి 1922లో పల్నాడులో కన్నెగంటి హనుమంతు ప్రాణమిచ్చిన నేల ఇది, ఆ అనుమానం న్యాయమే. కానీ ఇందులో రుసుము లేదు, ముళ్లకంచె లేదు. వంతు నిర్ణయించేది కాపరులే. వలస మందలకు దారీ నీళ్లూ ఎప్పటిలాగే వదలాలి.

రోహిణి కార్తెలోగా గ్రామసభ పెట్టించండి. మీ ఊరి ముసలి కాపర్లను వెంటబెట్టుకు రండి. ఏ మూల ఏ గడ్డి మొలిచేదో వాళ్లకే గుర్తు.