ఫంక్షన్ తీసేసినా పాసయ్యే టెస్టు

మొన్న ఆదివారం మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. పీహెచ్‌డీ చేస్తోంది. వైరస్ దూరినప్పుడు మన కణాల్లో ఏం జరుగుతుందో చూడటం తన పని. గొంతు నీరసంగా ఉంది. "అన్నయ్యా, ఐఆర్ఎఫ్-3 జీన్ పూర్తిగా తీసేసిన కణాల్లో కూడా ఐఆర్ఎఫ్-3 కనబడుతోంది" అంది. అర్థం కావడానికి ఓ నిమిషం పట్టింది. అర్థమయ్యాక ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. మన భాషలో చెప్పాలంటే, ఫంక్షన్ మొత్తం డిలీట్ చేసినా దాని యూనిట్ టెస్ట్ పాసవుతోందన్నమాట! ఎనిమిది నెలల పని ఆ టెస్టు మీదే నిలబడి ఉంది.

ఇంతకీ ఈ ఐఆర్ఎఫ్-3 ఏంటంటే, కణంలో ఎప్పుడూ సిద్ధంగా కూర్చునే ఒక ఈవెంట్ లిజనర్ అనుకోండి. వైరస్ ఆర్ఎన్ఏ కనబడగానే పైనున్న సెన్సర్లు కేకేస్తాయి. టీబీకే-1 అనే ఎంజైము వచ్చి దీనికి ఫాస్ఫేట్ ముద్ర వేస్తుంది. ముద్ర పడ్డవి రెండేసి జతకట్టి న్యూక్లియస్‌లోకి వెళ్ళి ఇంటర్‌ఫెరాన్-బీటా జీన్‌ని ఆన్ చేస్తాయి. దాంతో చుట్టుపక్కల కణాలకి కూడా అలారం మోగుతుంది. చాలా వైరస్‌లు ముందుగా ఈ తీగనే కత్తిరించాలని చూస్తాయి. ఈ ఇంటిపేరుతో మనుషుల్లో మొత్తం తొమ్మిది మంది అన్నదమ్ములున్నారు, ఐఆర్ఎఫ్-1 నుంచి 9 దాకా. వీళ్ళలో ఐఆర్ఎఫ్-7 పాడైన ఒక పాప మామూలు ఫ్లూతో ప్రాణాల మీదకి తెచ్చుకున్న సంగతి 2015లో బయటపడింది. అంటే ఇదేదో పుస్తకాల్లో విషయం కాదు.

ఈ ముద్ర పడిందో లేదో కంటికి కనబడదు. అందుకే యాంటీబాడీ వాడతారు. అది ఒక రకంగా గ్రెప్ కమాండు. కణాల రసాన్ని జెల్ మీద సైజుల వారీగా విడదీసి యాంటీబాడీ పోస్తే, తనకి కావలసిన ప్రొటీన్‌కి మాత్రమే అంటుకుని ఒక గీత చూపించాలి. దాన్నే బ్యాండ్ అంటారు. ఐఆర్ఎఫ్-3కి 396వ స్థానంలో ఉన్న సెరీన్ మీద ముద్ర పడితేనే అంటుకునే యాంటీబాడీలు విడిగా అమ్ముతారు. గీత వస్తే "ఇమ్యూనిటీ ఆన్ అయింది" అని పేపర్లో రాసేస్తారు.

ఆ గ్రెప్ వేరే లైన్లని కూడా పట్టేస్తుంటే? "వైరస్ లేని కణాలతో పోల్చి చూస్తారుగా" అంటారేమో. సరిపోదండీ. వైరస్ రాగానే ఇంటర్‌ఫెరాన్ దెబ్బకి వందల జీన్లు లేస్తాయి. అందులో అదే సైజున్న ఇంకో ప్రొటీన్ పెరిగి, ఈ యాంటీబాడీ దానికి అంటుకున్నా గీత అచ్చం అలాగే వస్తుంది. అసలు పరీక్ష ఒక్కటే: జీన్ తీసేసిన కణాల్లో గీత మాయం కావాలి. క్రిస్పర్ వచ్చాక ఇలాంటి కణాలు తయారుచేసుకోవడం పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. అయినా చాలామంది చెయ్యరు.

మా చెల్లి అమ్మినవాళ్ళకి మెయిల్ పెడితే వచ్చిన జవాబు: "ఇంకో లాట్ ఉచితంగా పంపిస్తాం." బగ్ రిపోర్ట్ చేస్తే అదే సీడీ ఇంకో కాపీ పంపినట్టుంది :-)

ఇది ఒక్క సీసా గొడవ కాదు. 2006లో కొందరు పరిశోధకులు ఎరిత్రోపొయెటిన్ రిసెప్టర్‌కి వాడే యాంటీబాడీలని పరీక్షించారు. క్యాన్సర్ కణితుల్లో ఆ రిసెప్టర్ ఉందని చెప్పడానికి బాగా వాడినది, నిజానికి హెచ్ఎస్‌పీ-70 అనే వేరే ప్రొటీన్‌కి అంటుకుంటోందని తేలింది. (వాళ్ళు ఆ మందు అమ్మే కంపెనీ మనుషులే, అదీ గుర్తుంచుకోవాలి. అయినా తప్పు తప్పే.) 2023లో వైకారోస్ అనే బృందం 65 ప్రొటీన్ల కోసం అమ్మే 614 యాంటీబాడీలని జీన్ తీసేసిన కణాల మీద పరీక్షించి ఫలితాలు అందరికీ తెరిచిపెట్టింది. సగానికి పైగా ఏదో ఒక పరీక్షలో ఫెయిల్. సగటున ఒక్కో ప్రొటీన్‌కి పన్నెండు పేపర్లు, అసలు దాన్ని గుర్తించనే గుర్తించని యాంటీబాడీ మీద ఆధారపడ్డాయి!

"కొన్నవాడే సరిచూసుకోవాలి" అన్నది అమ్మేవాళ్ళ వాదన. పాతిక ముప్పై వేలు పోసి, ఐస్ పెట్టెలో విదేశాల నుంచి తెప్పించుకుని, వారాల తరబడి ఎదురుచూసిన పీహెచ్‌డీ పిల్లా క్యూఏ చెయ్యాల్సింది? అలాగని సైంటిస్టులని వదిలెయ్యను. ఎక్కువ పేపర్లలో ఏది కనబడితే అది కొంటారు. గూగుల్లో మొదట వచ్చిన కోడ్ కాపీ కొట్టే మనకీ వాళ్ళకీ తేడా ఏముంది?

అసలు రోగం ఇంకా లోపల ఉంది. పాలీక్లోనల్ యాంటీబాడీ కుందేలు రక్తంలోంచి తీస్తారు. ఆ కుందేలు పోతే సోర్స్ కోడ్ పోయినట్టే. రికాంబినెంట్ యాంటీబాడీ అయితే సీక్వెన్స్ చేతిలో ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్ళీ బిల్డ్ చేసుకోవచ్చు. పై 614లో బాగా పనిచేసినవీ ఎక్కువగా ఇవే. అన్నీ సీక్వెన్స్ ఆధారంగా ఉండాలని 2015లోనే వందమందికి పైగా శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో సంతకాలు పెట్టి మరీ అడిగారు. ఇప్పటికీ చాలా కంపెనీలు సీక్వెన్స్ అడిగితే వ్యాపార రహస్యం అంటాయి. సరే, దాచుకోండి. కనీసం జీన్ తీసేసిన కణాల బ్లాట్ బొమ్మ చూపించకుండా అమ్మకండి. జర్నళ్ళూ అది లేని పేపర్ వెయ్యకూడదు. 2023 ఫలితాలు చూశాక ఫెయిలైనవాటిలో సుమారు ఐదో వంతు కంపెనీలే అమ్మకం ఆపేశాయి. అంటే అడిగితే జరుగుతుంది.

మనకెందుకీ గోల అంటారా? ఆ పేపర్లన్నీ మింగించి మందులు కనిపెట్టే మోడళ్ళు తయారుచేస్తున్నది మన సాఫ్ట్‌వేర్ వాళ్ళేనండీ. తప్పుడు గీత అందులోకి వెళ్ళాక ఏ లేయర్లో వెతికి తీస్తారు?

మా చెల్లి బ్లాట్లు బయటపెట్టిన వేరే యాంటీబాడీ తెప్పించుకుని అన్నీ మళ్ళీ మొదలెట్టింది. ఇప్పటికి రెండు బొమ్మలు నిలబడ్డాయి, మూడు పోయాయి. పోయినవి ఏ పేపర్లోనూ రావు. అదే యాంటీబాడీతో వేరేవాళ్ళు అచ్చేసినవి మాత్రం అలాగే ఉన్నాయి, వాటికి సైటేషన్లు కూడా పెరుగుతున్నాయి.