టు-లెట్ బోర్డు కాడ ఆగిపోతున్న దేశం

డిగ్రీ లేనప్పుడు "చదువుకోనోడివి, నీకేం తెలుసు, కూసో" అన్నరు. డిగ్రీ వచ్చినంక "నాలుగక్షరాలు రాంగనే కండ్లు నెత్తికెక్కినయి" అంటున్నరు. అంటే మనం నోరు తెరవడానికి మంచిరోజు వాళ్ల పంచాంగంలో ఎన్నడూ లేదు. ఇక మేం ముహూర్తం అడగదల్చుకోలేదు. చదువు మీద, దేశం మీద, రాత మీద మాకు కొన్ని అభిప్రాయాలున్నయి. చెప్తున్నం.

మేమంటే ఎవరం? నల్గొండ, సూర్యాపేట, దేవరకొండ, ఖమ్మం దిక్కు నుంచి బస్సెక్కి ఎల్బీనగర్‌లో దిగి, సరూర్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి గల్లీల్లో ఒక్క రూముకు నలుగురం ఐదుగురం చేరి గ్రూప్స్‌కు, డీఎస్సీకి, పోలీసు ఉద్యోగాలకు చదివే మాల మాదిగ పిల్లలం. మా ఇండ్లల్ల డిగ్రీ మొకం చూసిన మొదటి తరం మాదే. అవ్వ నాట్లకు పోయిన కూలి, నాయిన సెంట్రింగ్ పనిలో సంపాదించిన పైసలు ప్రతి నెలా మా రూము కిరాయి కింద పోతున్నయి. వాళ్ల చెమట తిని మూగగా కూసుంటే అది ద్రోహం.

చదువు ఎవరి దానమూ కాదు

"సర్కారు మీకు అన్నీ ఫ్రీగా ఇస్తున్నది గదా, ఇంకేం కావాలె?" ఈ మాట చాయ్ హోటల్ కాడ రోజూ వినపడుతది. ఎవరిచ్చిన్రు? ఎప్పుడిచ్చిన్రు? 1848లో పూనాలో జోతీబా ఫూలే, సావిత్రీబాయి ఆడపిల్లలకు బడి పెడితే బడికి పోయే దారిలో ఆ తల్లి మీద పేడ విసిరిన్రు. మన హైదరాబాదులో 1888లో పుట్టిన మాదరి భాగయ్య, మనం భాగ్యరెడ్డివర్మ అని పిలుచుకునే ఆయన, 1906లో జగన్మిత్ర మండలి పెట్టి భజనలతో, హరికథలతో వాడల్లో జనాన్ని కూడగట్టిండు. 1910లో కోఠి పక్కన ఇసామియా బజార్‌లో మన పిల్లలకు తెలుగు బడి తెరిచిండు. రాజ్యం ఉర్దూలో నడుస్తున్న కాలమది. మన పిల్లలను గడప కాడికే రానియ్యని కాలమది. ఆ ఒక్క బడి తర్వాత ఇంకెన్నో బడులు పెట్టించిండు.

ఇప్పుడు మనకొచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పుకు మొదలు 1944లో పడింది. అప్పుడు బాబాసాహెబ్ అంబేడ్కర్ వైస్రాయ్ మండలిలో సభ్యుడు. కొట్లాడి తెచ్చిన పైసలవి. కాబట్టి "ఫ్రీ" అనే మాట మన కాడ ఎవరూ అనొద్దు. ప్రతి రూపాయి వెనక ఒక మనిషి నిలబడి అడిగిన చరిత్ర ఉంది.

ఎల్బీనగర్ మెట్రో 2018 సెప్టెంబర్‌లో మొదలైంది. సరూర్‌నగర్ కాడి స్టేషన్‌కు విక్టోరియా మెమోరియల్ అని పేరు. ఆరో నిజాం కాలంలో ఆ రాణి పేరు మీద ఇక్కడ అనాథ పిల్లలకు వెలిసిన ఆశ్రమం పేరే అది. మంచిదే. కాని ఈ ఊరు ఎన్నడూ చూడని రాణి పేరు స్టేషన్ మీద ఉన్నది, ఈ దారి మొదట్లోనే మన పిల్లలకు బడి పెట్టిన భాగ్యరెడ్డివర్మ పేరు ఈ లైనులో ఒక్క స్టేషన్‌కూ లేదు. ఎవరి పేరు గుర్తుండాలో ఎవరు నిర్ణయిస్తున్నరు? ఈ ప్రశ్న అడగడం నేర్పనిది చదువెట్లయితది?

ఇక చదువు లోపల జరుగుతున్న సంగతి చూడండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు సర్కారు కాలేజీలకు కట్టదు. కాలేజీ వాళ్లు "మీ సర్కారు ఇయ్యలేదు, మీరే కట్టి టీసీ తీస్కపోండి" అంటరు. టీసీ లేకుంటే పై చదువుకు సీటు లేదు. ఒరిజినల్ మెమోలు లేకుంటే ఉద్యోగానికి సర్టిఫికెట్ల పరిశీలనలో పేరు కొట్టేస్తరు. మా రూములో ఒకరి సర్టిఫికెట్లు ఏడాదికి పైగా కాలేజీ బీరువాలోనే ఉండిపోయినయి. 2025 నవంబర్‌లో ఈ బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలే బంద్ పెట్టినయి. లెక్క సర్కారుకూ కాలేజీకీ మధ్య. తాకట్టు మాత్రం మన పిల్లల సర్టిఫికెట్లు. వెనుకట అప్పు కింద మనిషిని దొర కాడ జీతం పెట్టేది. ఇప్పుడు కాయితాన్ని జీతం పెడుతున్నరు. ఇది వెట్టి కాదంటే ఏమనాలె?

పరీక్షల సంగతి ఇంకొకటి. 2022 అక్టోబర్ 16న గ్రూప్-1 ప్రిలిమ్స్ రాసినం. పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దు చేసిన్రు. జూన్ 11న మళ్లీ రాసినం. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో మళ్లా కొత్త నోటిఫికేషన్. వాయిదా అందరికీ ఒకటే అంటరు. ఒకటే ఎట్లయితది? సొంత ఇల్లున్న పిల్లగానికి వాయిదా అంటే ఇంకో ఆరు నెలలు చదువుకునే టైం. మాకు వాయిదా అంటే ఆరు నెలల కిరాయి, ఆరు నెలల మెస్ బిల్లు, మా అవ్వ మిత్తికి తెచ్చిన అప్పు. కిరాయి ఆగినోడు పుస్తకాలు మూట కట్టి ఊరికి పోతడు. మా అక్కచెల్లెండ్ల గతి ఇంకా అన్యాలం. ఒక్క వాయిదా పడితే చాలు, "ఇగ చాలు బిడ్డా" అని ఇంటికి పిలిచి పెండ్లి చేస్తున్నరు. పరీక్ష రాయకముందే పరీక్షలో ఓడగొట్టే పద్ధతి ఇది.

ఇంగ్లీషు మీడియం మీద మా అభిప్రాయం సూటిగా చెప్తున్నం. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైంది. మేం దాన్ని కావాలంటున్నం. తమ పిల్లలను కాన్వెంటుకు తోలి మన పిల్లలకు మాతృభాష గొప్పతనం చెప్పేటోళ్ల మాట నమ్మొద్దు. అయితే బోర్డు మార్చితే భాష రాదు. ఇంగ్లీషులో చెప్పగలిగే సారు ఉన్నడా లేడా అన్నదే అసలు సంగతి. గురుకులం నుంచి పోయిన మలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన్రు. పిల్లల్లో లోపం లేదని అది చాలు చెప్పడానికి. లోపం ఎక్కడున్నదో వెతకాల్సింది సర్కారులో.

మనం ఏ దేశపోళ్లం?

బడిలో రోజూ పొద్దున చెయ్యి చాపి ప్రతిజ్ఞ చేసినం. ఆ ప్రతిజ్ఞ రాసింది మన నల్గొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. 1962లో, విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నప్పుడు రాసిండు. దాని ప్రకారం ఈ దేశంలో అందరం తోబుట్టువులమే. పదేండ్లు రోజూ చెప్పినం, నమ్మినం కూడా. తర్వాత సరూర్‌నగర్‌లో రూము వెతకబోయినం.

గేటుకు టు-లెట్ బోర్డు. కింద "ఓన్లీ వెజిటేరియన్స్". కొన్ని ఇండ్లకు కులం పేరే రాసి ఉంటది. బోర్డు మీద రాయనోళ్లు నోటితో అడుగుతరు. ముందు ఊరు. తర్వాత ఇంటిపేరు. అదీ తెలియకుంటే "ఏమోళ్లు మీరు?" చెప్తే "నిన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చిపోయిన్రు బాబూ" అంటరు. బోర్డు మాత్రం మరుసటి వారం కూడా అక్కడే ఊగుతుంటది. తోబుట్టువులకు ఇల్లు కిరాయికియ్యని దేశాన్ని ఏమనాలె?

చట్టం లేదా అంటరు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. కాని ఇల్లు కిరాయికియ్యనోని మీద కేసు పెట్టబోతే "ఆయన ఇల్లు, ఆయన ఇష్టం" అంటరు. 2005లో గుజరాత్ పార్సీల హౌసింగ్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు ఒక సముదాయం తన వాళ్లకే సభ్యత్వం అని నియమం పెట్టుకోవచ్చని చెప్పింది. ఊర్లో వాడ వేరు. పట్నంలో బోర్డు వేరు. రెండూ ఒక్క తల్లి పిల్లలే.

అందుకే 1931లో గాంధీని కలిసినప్పుడు బాబాసాహెబ్ తనకు స్వదేశమే లేదన్నడు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, వేల కులాలుగా చీలిన జనం ఒక జాతి ఎట్లయితరని నిలదీసిండు. కులమే జాతికి శత్రువని తేల్చిండు. దేశానికి రాజ్యాంగం రాసిన మనిషి మాట అది. ఆ లెక్కన దేశద్రోహి ఎవరు? బోర్డు రాసినోడా, బోర్డును ప్రశ్నించినోడా?

మన పెద్దలు ఈ సంగతి ముందే పట్టుకున్నరు. 1917 నవంబర్‌లో బెజవాడలో పంచముల మహాసభ పెడితే అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డివర్మ పంచములం అనే పేరునే తోసిపుచ్చిండు. మనం ఐదో వర్ణం కాదు, ఈ నేల ఆదివాసులం అని చెప్పిండు. ఆది ఆంధ్ర అనే పేరు ఆ సభ నుంచే జనంలోకి పోయింది. తెల్లదొరతనం వద్దని దేశమంతా పాడుతున్న 1921 ప్రాంతంలో రాజమండ్రి కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' అని రాసిండు. దొర తెల్లోడైనా నల్లోడైనా మన వీపు మీద దెబ్బ ఒకటే అని చెప్పిన ధైర్యం అది.

తెలంగాణ వచ్చేటప్పుడూ ఇదే కథ. 2009 నవంబర్ 29న ఎల్బీనగర్ చౌరస్తాలో కాసోజు శ్రీకాంతాచారి ఒంటికి నిప్పంటించుకున్నడు. డిసెంబర్ 3న పానం పోయింది. బీసీ బిడ్డ. మా అన్నలు ఆ రోడ్ల మీదనే లాఠీ దెబ్బలు తిన్నరు. రాష్ట్రమొస్తే దళితుడే ముఖ్యమంత్రి అన్నరు. 2014 జూన్ 2న ప్రమాణం చేసింది ఎవరో అందరికీ తెలుసు. నిప్పు మనది, కుర్చీ వాళ్లది.

2015 ఆగస్టులో కేంద్రమంత్రి బండారు దత్తాత్రేయ ఢిల్లీకి రాసిన ఉత్తరంలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం దేశవ్యతిరేక రాజకీయాలకు అడ్డా అయిందని ఆరోపించిండు. ఆ తర్వాత ఐదుగురు దళిత విద్యార్థులను హాస్టల్ నుంచి వెలేసిన్రు. వాళ్లు క్యాంపస్‌లో వెలివాడ వేసుకుని పండుకున్నరు. 2016 జనవరి 17న రోహిత్ వేముల మనకు లేకుండ పోయిండు. 2024 మేలో పోలీసులు కేసు మూసేస్తూ ఆ పిల్లగాడు ఎస్సీనే కాదన్నరు. గొడవైతే మళ్లీ విచారిస్తమన్నరు. బతికున్నప్పుడు దేశభక్తి సర్టిఫికెట్ అడిగిన్రు, చచ్చినంక కులం సర్టిఫికెట్ అడిగిన్రు.

"ఇంత కోపమున్నోళ్లు ఈ దేశంలో ఎందుకుంటున్నరు?" అని అడిగేటోళ్లున్నరు. ఉండక యాడికి పోవాలె? రోడ్డేసింది మనం, నాటేసింది మనం, మోరీ తీసింది మనం. ఈ దేశాన్ని మేం వద్దనడం లేదు. ఇంకా పూర్తిగా కట్టలేదంటున్నం. కట్టే పనిలో కూలి మాత్రమే కాదు, లెక్క అడిగే హక్కు కూడా మాదే అంటున్నం.

మన మాట మనమే రాయాలె

ఒక సంగతి గట్టిగా చెప్పాలె. మాకు ఇంకో అమరుడు వద్దు. ఫోటోకు దండేసి పాట పాడటానికి ఇంకో పిల్లగాడు వద్దు. రోహిత్ సైన్సు రచయిత కావాలనుకున్నడు. బతికి రాసే పిల్లలు కావాలె మనకు.

బాబాసాహెబ్ 1920 జనవరి 31న మూక్‌నాయక్ పెట్టిండు. పక్షపత్రికే. పేరులోనే ఉన్నది, మూగోళ్ల నాయకుడని. భాగ్యరెడ్డివర్మ 1931లో భాగ్యనగర్ పెట్టిండు. అదీ పక్షపత్రికే. కుసుమ ధర్మన్న జయభేరి నడిపిండు. వాళ్ల దగ్గర ప్రెస్సుకు పైసల్లేవు. అయినా ఎందుకు రాసిన్రు? మన మీద జరిగిన దాన్ని ఎదుటోడు రాస్తే దాడి కాస్తా "ఇరువర్గాల ఘర్షణ" అయితది కాబట్టి.

రాత విలువ చుండూరు చెప్తుంది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపిన్రు. ప్రత్యేక కోర్టు తీర్పు రావడానికి 2007 దాకా పట్టింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు శిక్షలన్నీ కొట్టేసింది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చంపిన్రో ప్రాసిక్యూషన్ నిరూపించలేదన్నది. ఆ మూడు ముక్కల కాడనే మనవాళ్ల నెత్తురు నీళ్లయింది. ఊర్లో ఏ దాడి జరిగినా అదే రోజు, అదే గంటలో రాసిపెట్టే మనిషి వాడలో ఒకరుండాలె. తేదీ, టైం, చోటు, చూసినోళ్ల పేర్లు. ఇది సాహిత్యం కాకపోవచ్చు. పానం కాపాడే రాత మాత్రం ఇదే.

ఇప్పుడు ప్రతి పిల్లగాని జేబులో ఫోన్ ఉంది. ధర్మన్న కాలంలో ప్రెస్సుకు పట్టిన ఖర్చు ఇప్పుడు లేదు. కాని ఆ ఫోన్లో మనోళ్లు చేస్తున్నదేంది? ఎవడో రాసిన అబద్ధాన్ని వంద మందికి పంపుతున్నరు. ఎవడో చెప్పిన దేశభక్తిని తమ మాటగా చెప్తున్నరు. పరాయోని డప్పు మన భుజానికి తగిలించుకుని కొట్టినట్టుంది. మన డప్పు మనకు లేదా? మన అవ్వ మాట్లాడే భాషలోనే రాయండి. వ్యాకరణం సరిచేసే పంతుళ్లు ఎప్పుడూ ఉంటరు. మన సంగతి చెప్పేటోళ్లే లేరు.

ఊర్లల్ల పనిచేసే అన్నలకు, అక్కలకు మా మనవి మూడు ముక్కల్లో. ఒకటి, మీ ఊరి పిల్లల్లో ఎవరెవరి సర్టిఫికెట్లు ఏ కాలేజీల్లో ఇరుక్కున్నయో పేరు పేరునా రాసి, ఆ పట్టీ పట్టుకుని అందరూ కలిసి జిల్లా అధికారి కాడికి పోండి. ఒక్కడు పోతే బతిమాలుడైతది, యాభై మంది పోతే లెక్కయితది. రెండు, ఆడపిల్ల చదువు మధ్యలో ఆగితే ఆ ఇంటికి పోయి ఎందుకాగిందో అడగండి. కిరాయి కోసమైతే వాడంతా చందా వెయ్యండి. మూడు, ప్రతి వాడలో ఒక దినచర్య బుక్కు పెట్టండి. చదువొచ్చిన పిల్లతోనో పిల్లగానితోనో రాయించండి.

డిగ్రీలు తెచ్చుకుని కులం దాచిపెట్టి ఇంటిపేరు మింగి బతికే అన్నలకూ ఒక మాట. దాచుకున్నంత కాలం ఆ బోర్డు గేటుకు అట్లనే వేలాడుతది. మనం పేరు చెప్పి, రాసి, పదుగురం కలిసి నిలబడి అడిగిన రోజే అది దిగుతది.

జై భీమ్!