నల్ల బీరు.. తెల్ల కల్లు

గ్లాసు తెచ్చి ముందు పెట్టగానే నాకు మా పెద్దమందడి పల్లీలు గుర్తొచ్చాయి.

నవ్వకండి, నిజం! హైదరాబాద్‌లో ఓ మైక్రోబ్రూవరీ. మసక వెలుతురు. అద్దం గోడ వెనక మిలమిలలాడే స్టీలు ట్యాంకులు. ‘మసాలా నల్ల బీరట.. ఈ వారం కాలమ్‌కి అదే రాసుకురా’ అని ఆఫీసులో పురమాయిస్తే వెళ్లాను. గ్లాసు అంచున ముక్కు పెట్టానో లేదో.. ఇసుకలో వేయించేటప్పుడు కాస్త మాడిన పల్లీల పొట్టు వాసన! మా మేనమామ ఇంటి పెరట్లో, పొయ్యి దగ్గర పుట్టి పెరిగిన వాసన. వనపర్తి జిల్లా వాణ్ని కదా, వేరుశనగ లేకుండా నాకే జ్ఞాపకమూ రాదు.

ఇంతకీ ఆ నలుపు ఎక్కడిది?

రంగు కలుపుతారనుకునేవాణ్ని. కాదట. బార్లీని నానబెట్టి, మొలకలు రాగానే ఎండబెడితే మాల్టు. మనిళ్లలో పిల్లలకి జావ కోసం రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టిస్తాం చూడండి, అదే పని. ఆ మాల్టులో కొంత తీసి రెండొందల డిగ్రీల పైన కాఫీ గింజల్లా వేయిస్తారు. నలుపూ, చిరుచేదూ, కాఫీని తలపించే వాసనా అక్కణ్నుంచే వస్తాయి. తర్వాత మాల్టుని వేడినీళ్లలో నానబెట్టి తియ్యటి నీళ్లు దింపుతారు. హాప్స్ అనే పూలు వేసి మరిగిస్తారు. చల్లారాక ఈస్టు కలిపి పులియబెడతారు. మసాలా దినుసులు మరుగు చివర్లోనో, పులిశాకనో పడతాయి. నా గ్లాసులో ఉన్నవి దాల్చినచెక్క, లవంగం, శొంఠి, మిరియాలు. మొత్తం మన పోపులపెట్టె సరుకే!

మొదటి గుక్కలో చేదు తప్ప ఏమీ తెలియలేదు. మొహం చూసి కనిపెట్టాడేమో, బీరు కాచే కుర్రాడు వచ్చి ‘పది నిమిషాలు ఆగండి సార్, మరీ చల్లగా ఉంటే నల్ల బీరు నోరు విప్పదు’ అన్నాడు. ఆగాను. ఈసారి ముందు దాల్చినచెక్క తీపిగా పలకరించింది. గొంతులో శొంఠి వెచ్చగా దిగింది. మిరియం చివర్లో చిన్నగా గిల్లింది. బిర్యానీ మసాలా తాగినట్టుంటుందేమో అన్న భయం తీరింది. లవంగం మాత్రం ఓ పిసరు ఎక్కువైంది. ఆ మాట అంటే కుర్రాడు నొచ్చుకోలేదు. గోడ మీద పలక చూపించాడు. ఏం ధాన్యం, ఏం దినుసులు, ఏ రోజు కాచారు, ఆల్కహాల్ ఎంత శాతం.. సుద్దముక్కతో అన్నీ రాసున్నాయి. ‘వచ్చేసారి లవంగం తగ్గిస్తాం సార్’ అన్నాడు.

రుచి సంగతి అక్కడితో మర్చిపోయాను. నా కళ్లు ఆ పలక మీదే ఉండిపోయాయి.

పలక లేని దుకాణం

మా మామకి కల్లంటే ప్రాణం. ఆయన చిన్నప్పుడు గౌడ్ ఈత చెట్టు దిగి లొట్టి వంచితే నురగ కల్లు పడేది. చెట్టు కల్లుకి ఎవరూ ఏమీ కలపక్కర్లేదు. గాల్లోని ఈస్టే గంటల్లో పులియబెడుతుంది. పొద్దున తియ్యన, సాయంత్రానికి పులుపు. తర్వాత చెట్లు తగ్గాయి, తాగేవాళ్లు తగ్గలేదు. ఆ తేడాని నీళ్లూ, శాకరినూ, మత్తుమందులూ పూడ్చాయి. డైజిపామ్, అల్‌ప్రాజొలామ్, క్లోరల్ హైడ్రేట్.. ఇవి నిద్రకో, ఆందోళనకో డాక్టర్లు లెక్క చూసి రాసే మందులు. సీసాలో పోసేవాడికి లెక్కెక్కడిది?

2015 సెప్టెంబరులో కల్తీ మీద దాడులు జరిగి, మత్తు కలిపిన కల్లు ఒక్కసారిగా ఆగింది. మహబూబ్‌నగర్, నిజామాబాద్ ఆసుపత్రులు నిండిపోయాయి. వాళ్లలో మా మామ ఒకడు. చేతులు వణుకు, మూర్ఛ, లేని మనుషులతో మాటలు. మూడు రాత్రులు మంచానికి కట్టేసి ఉంచాం. డాక్టర్ అడిగింది ఒకటే.. ‘ఆయన తాగిన దాంట్లో ఏం కలిపారు?’ పదిహేనేళ్లు రోజూ తాగిన మనిషికే తెలియదు. మాకేం తెలుస్తుంది?

పదేళ్లయింది, మారిందా అంటే.. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

లండన్‌లోనూ ఇదే కథ

బీరు పెద్దమనిషి, కల్లు చెడ్డదీ అని తీర్పు చెప్పబోయేవాణ్నే, ఆ నల్ల బీరు పూర్వీకుల కథ తెలియకపోతే! దాని పేరు పోర్టర్. 18వ శతాబ్దంలో లండన్ కూలీల పానీయం. మాల్టు ఖర్చు తగ్గించుకోడానికి కొందరు నీళ్లు కలిపారు. తగ్గిన మత్తు కోసం ఏం వేశారో తెలుసా? కాకమారి గింజలు. మన దేశం నుంచి ఓడల్లో వెళ్లినవే. చెరువులో చల్లితే చేపలు స్పృహ తప్పి తేలే విషం అది. నల్లటి బీరులో ఏం కలిపినా కనపడదు కదా!

1816లో బ్రిటన్ చట్టం చేసి బీరులో మాల్టు, హాప్స్‌కి బదులు ఇలాంటివి వాడటాన్ని నిషేధించింది. 1820లో ఫ్రెడరిక్ ఆకమ్ అనే రసాయన శాస్త్రవేత్త ఆహార కల్తీల మీద పుస్తకం వేశాడు. కల్తీ చేసి శిక్షపడ్డ వ్యాపారుల పేర్లతో సహా! ఇవాళ మనం ఫోటోలు తీసుకుని మరీ తాగే నల్ల బీరు ఒకప్పటి లండన్ పౌడరు కల్లే. దాన్ని మార్చింది కొత్త మసాలా కాదు. ‘ఇందులో ఏముంది?’ అని జనం అడగటం, కల్తీని నిషేధించే చట్టం రావటం.

అన్నట్టు, నల్ల బీరయినా తెల్ల కల్లయినా ఆల్కహాల్ ఆల్కహాలే. ఏ గ్లాసూ ఆరోగ్యానికి మంచిది కాదు, తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకి అమ్మటం నేరం. మీ ఇంట్లో మత్తు కలిపిన కల్లుకి అలవాటు పడ్డవాళ్లుంటే ఒక్కరోజులో బలవంతంగా మాన్పించకండి. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మోతాదు మెల్లగా తగ్గిస్తారు. మేం ఈ సంగతి ఆలస్యంగా తెలుసుకున్నాం.

మొన్న ఆదివారం ఊరెళ్లాను. మామ పెరట్లో పల్లీలు వేయిస్తున్నాడు. కల్లు ముట్టక పదేళ్లు దాటింది. చేతి వణుకు మాత్రం పూర్తిగా పోలేదు. బీరు కథంతా చెప్పాను. గ్లాసు నాలుగొందలంటే నోరు తెరిచాడు. మసాలాలంటే నవ్వాడు. పలక సంగతి చెప్పేసరికి మాత్రం గరిటె ఆపేశాడు.

‘‘ఏమేమేసిండ్రో గోడకు రాసి పెట్టిండ్రా అల్లుడా?’’

‘‘అవును మామా.’’

కాసేపు ఏమీ అనలేదు. పల్లీలు మాడాయి.

‘‘మా దుకాణంల గా పలకుంటే.. ఏం రాస్తుండెనో!’’