ఆపరేషన్ ఖర్చు ఎవరు పెట్టాలి?

"అన్నా, ఇన్సూరెన్స్ కార్డు ఉంది కదా, అందులో పోదా?" అని ఇళ్లు శుభ్రం చేసే పనికి వెళ్లే ఒక చెల్లెలు ఈ మధ్య నన్ను అడిగింది. ఇద్దరు పిల్లలు చాలనుకుని కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కోసం డాక్టరు దగ్గరికి వెళితే, డబ్బు మీరే కట్టుకోవాలని చెప్పారట. మన ఊళ్లో సర్కారు ఆస్పత్రిలో ఉచితంగా చేసి పైగా చేతిలో కొంత డబ్బు పెడతారు. ఇక్కడ నెలనెలా జీతంలోంచి ఇన్సూరెన్స్ కోస్తూ కూడా ఇవ్వరా అని ఆమెకు కోపం. ఆ కోపంలో న్యాయం ఉందనే నా అభిప్రాయం.

ముందు రూల్ చెప్తాను. 2004 జనవరి 1 వరకు జర్మనీలో క్రాంకెన్‌కస్సె ఈ ఖర్చు భరించేది. ఆ రోజు నుంచి జబ్బు కారణంగా ఆపరేషన్ తప్పనిసరైతేనే ఇస్తోంది. అంటే మళ్లీ గర్భం వస్తే తల్లి ప్రాణానికి ప్రమాదమని డాక్టరు రాసివ్వాలి. "ఇక పిల్లలు వద్దు" అన్న కారణం చాలదు. మీది జబ్బు కేసే అయితే ఆపరేషన్‌కి ముందే క్రాంకెన్‌కస్సెకు దరఖాస్తు పెట్టి జవాబు కాగితం మీద తీసుకోండి. కాదంటే, ఆ కాగితం అందిన నెలలోపు విడర్‌స్ప్రూఖ్, అంటే అభ్యంతరం, రాసి పంపవచ్చు.

సొంత డబ్బుతో అయితే మగవాళ్లకు సుమారు 400 నుంచి 600 యూరోలు, ఆడవాళ్లకు వెయ్యి దాకా, ఆస్పత్రిలో ఉండాల్సి వస్తే ఇంకా ఎక్కువ. 2025లో మినీజాబ్ పరిమితి నెలకు 556 యూరోలు. అంటే మగవాడి ఆపరేషన్‌కే ఒక నెల సంపాదన పోయినట్టు.

ఇంకో సంగతి చూడండి. ఆదాయం తక్కువున్న స్త్రీ గర్భం తీయించుకోవాల్సి వస్తే, సలహా కేంద్రానికి వెళ్లి కాగితం తెచ్చుకుంటే, ఆ ఖర్చు రాష్ట్రం భరిస్తుంది. అది ఉండాల్సిందే, నేను కాదనను. కానీ ఆ పరిస్థితే రాకుండా చేసే ఆపరేషన్‌కి మాత్రం పైసా ఇవ్వదు. తక్కువ జీతగాళ్లకైనా పాత రూల్ తిరిగి తేవాలి.

మన దగ్గర అంతా బాగుందనీ అనను. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఈ ఆపరేషన్ చేయించుకున్నారు. దేశం మొత్తం మీద మగవాళ్ల ఆపరేషన్ లెక్క 0.3 శాతం. ఎమర్జెన్సీలో మగవాళ్లను పట్టుకెళ్లి చేసిన రోజుల తర్వాత బరువంతా ఆడవాళ్ల మీద పడింది. 2014లో బిలాస్‌పూర్ క్యాంపు తర్వాత పదిమందికి పైగా ఆడవాళ్లు చనిపోయారు. చివరికి 2016లో సుప్రీంకోర్టు క్యాంపులు మూడేళ్లలో ఆపేయమంది. జర్మనీ చరిత్ర ఇంకా ఘోరం. 1933 చట్టంతో నాజీలు సుమారు 4 లక్షల మందికి బలవంతంగా ఆపరేషన్లు చేశారు. ఇక్కడి డాక్టర్లు సంతకం ముందు పది ప్రశ్నలు వేస్తే విసుక్కోకండి.

చాలామందికి తెలియని మాట ఒకటి ఉంది, అందుకే ఇది రాస్తున్నాను. ఆపరేషన్ డబ్బు మీరు కట్టుకున్నా, దాని వల్ల పనికి వెళ్లలేని రోజుల జీతం యజమాని ఇవ్వాల్సిందే. జబ్బు సెలవు జీతం చట్టంలో మూడో సెక్షన్‌లో ఈ ఆపరేషన్ పేరు విడిగా రాసి ఉంది. ఉద్యోగంలో చేరి నాలుగు వారాలు దాటాలి, డాక్టరు సెలవు రాసివ్వాలి. ఆరు వారాల దాకా వర్తిస్తుంది. మినీజాబ్ వాళ్లకూ అంతే. ఎందుకు సెలవో యజమానికి తెలియదు, మీరు చెప్పక్కర్లేదు కూడా. లెక్కలో లేకుండా చేతికి డబ్బు తీసుకునేవాళ్లకు హక్కు ఉన్నా, రుజువు చేయడం కష్టం.

ఇక భర్తలకు ఒక మాట. మీ ఆపరేషన్ చిన్నది, మామూలుగా మత్తు ఆ చోటికే ఇస్తారు, ఖర్చూ తక్కువ. మగతనం తగ్గదు. సైట్‌లో బరువులు ఎత్తే పని ఉంటే కొన్ని రోజులు ఆగాలి. పరీక్షలో వీర్యకణాలు లేవని తేలేదాకా, అంటే కొన్ని నెలలు, వేరే జాగ్రత్త వాడాలి. దీన్ని ఎప్పటికీ ఉండేదనుకునే చేయించుకోండి. మళ్లీ కలపడం ఖరీదు, ఫలితం ఖాయం కాదు. భార్య అనుమతి గానీ, భర్త అనుమతి గానీ చట్టం అడగదు. అయితే చిన్న వయసువాళ్లకు చేయనని డాక్టరు అనవచ్చు, అప్పుడు ఇంకో డాక్టరును చూసుకోవడమే.

కైసర్స్‌లౌటర్న్‌లో ప్రో ఫమీలియా సలహా కేంద్రం ఉంది. ఆదాయం తక్కువైతే సాయం దొరుకుతుందా అని అక్కడ అడగండి. మాట అర్థం కాదనుకుంటే జర్మన్ వచ్చినవాళ్లను వెంట తీసుకెళ్లండి, బడికెళ్లే మీ పిల్లల్ని మాత్రం దుబాసీ చేయకండి. మేమూ వస్తాం.

ఆ చెల్లెలి భర్త పోయిన వారం ఫోన్ చేశాడు. ఎన్నాళ్లు బరువు ఎత్తకూడదని అడిగాడు.