తొమ్మిది నెలలు నిండని రాయబారం

రాయపోల్ నుంచి గజ్వేల్ మీదుగా సికింద్రాబాద్ వెళ్లేవారికి దారిలో బొల్లారం వస్తుంది. అక్కడ రాష్ట్రపతి నిలయం ఉందని అందరికీ తెలుసు. కానీ అది ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంటు నివాసమనీ, 1948లో అదే బొల్లారంలో భారత ప్రభుత్వ ప్రతినిధి ఒకరు మకాం పెట్టారనీ ఎందరికి గుర్తు?

రెసిడెంటు అంటే నిజాం దర్బారులో బ్రిటిష్ వారి ప్రతినిధి. 1779లో ఈస్టిండియా కంపెనీ దూతగా జాన్ హాలండ్ రావడంతో ఈ పదవి కథ మొదలైంది. 1798, 1800 ఒప్పందాలతో నిజాం రక్షణ బాధ్యత కంపెనీ సైన్యం చేతికి వెళ్లింది. ఆ సైన్యం ఖర్చుల కింద దత్తమండలాలు, అంటే నేటి రాయలసీమ, కంపెనీ పరమయ్యాయి. అతిథిగా వచ్చిన దూత క్రమంగా పెత్తందారు అయ్యాడు!

పేరులోనే పేచీ

1947 ఆగస్టులో బ్రిటిష్ వారితోపాటే ఆ పదవీ పోయింది. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ భారత్‌లో చేరలేదు. 1947 నవంబరు 29న ఇరుపక్షాల మధ్య ఏడాదిపాటు యథాతథ ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం హైదరాబాద్‌లో ఒక ప్రతినిధి, ఢిల్లీలో ఒక ప్రతినిధి ఉండాలి.

మరి వారిని ఏమని పిలవాలి? రాయబారి అంటే హైదరాబాద్‌ను వేరే దేశంగా ఒప్పుకొన్నట్టు. రెసిడెంటు అంటే పాత పెత్తనం తిరిగి వచ్చినట్టు. అందుకే మధ్యేమార్గంగా 'ఏజెంట్ జనరల్' అన్నారు. హైదరాబాద్ తరఫున ఢిల్లీకి నవాబ్ జైన్ యార్ జంగ్ వెళ్లారు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ నిర్మాణంలో పాలుపంచుకున్న వాస్తుశిల్పి ఆయనే. ఢిల్లీ నుంచి ప్రముఖ గుజరాతీ రచయిత, న్యాయవాది కె.ఎం. మున్షీ 1948 జనవరిలో ఇక్కడికొచ్చారు.

వచ్చీ రాగానే చిక్కులు. ఆయన కేవలం వాణిజ్య ప్రతినిధేనని నిజాం ప్రభుత్వం వాదించింది. ఇల్లు చూపించడానికీ ముందుకు రాలేదు. చివరకు ఆయన బొల్లారంలో భారత సైన్యానికి చెందిన భవనాల్లో దిగాల్సి వచ్చింది. ఒకవైపు రజాకార్ల దాడులు పెరుగుతుంటే, మున్షీ ఎప్పటికప్పుడు ఢిల్లీకి నివేదికలు పంపేవారు. ఆయన మంట ఎగదోస్తున్నారని నిజాం పక్షం ఆరోపణ.

సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. 17న నిజాం లొంగుబాటుకు సిద్ధపడ్డారు. మున్షీ వచ్చి తొమ్మిది నెలలైనా నిండకుండానే ఆ పదవి అవసరం తీరిపోయింది.

రాయబారం విఫలమైతే ఏమవుతుందో కురుక్షేత్రం కథ విన్న మనకు కొత్త కాదు. ఇక్కడా పెద్దల మధ్య మాట కుదరని ఫలితం పల్లెలే అనుభవించాయి. ముందు రజాకార్ల చేతిలో ఊళ్లు నలిగాయి. సైనిక చర్య తర్వాతి హింసలో వేలాది ముస్లింలు ప్రాణాలు కోల్పోయారని కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది.

ఇంత జరిగాక మిగిలిందేమిటి? అప్పట్లో హైదరాబాద్ సంస్థానంలో భాగమైన రాయపోల్‌కూ ఢిల్లీకీ మధ్య ఇక ఏ రాయబారీ అక్కర్లేకుండా పోయాడు. ఆ పని ఇప్పుడు ఓటు చేస్తోంది!