దూడల పారుడు: మొదట పూడ్చవలసింది లవణాల లోటు

పుట్టిన మొదటి మూడు వారాల్లో లేగదూడలకు వచ్చే పారుడుకు రోటావైరస్ ఒక ముఖ్య కారణం. పారుడు కనబడగానే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేయించడం పలుచోట్ల అలవాటుగా మారింది. వైరస్‌పై ఆ మందు పనిచేయదు. అయినా అలవాటు మారడం లేదు. దూడ ప్రాణం దేనివల్ల పోతున్నదో రైతుకు వివరించకపోవడమే ఇందుకు కారణం కావచ్చు.

ఈ వైరస్ తయారుచేయించే ఎన్‌ఎస్‌పి4 అనే ప్రోటీను, పేగు కణంలోని అంతర్జీవ ద్రవ్యజాలపు పొరలో చేరి రంధ్రాన్ని ఏర్పరుస్తుంది. అక్కడ నిల్వ ఉన్న కాల్షియం కణద్రవ్యంలోకి కారిపోతుంది. నిల్వ తరిగిందని గ్రహించిన కణం వెలుపలి నుంచి మరింత కాల్షియాన్ని తెచ్చుకుంటుంది. లోటు పూడ్చుకోవడానికి కణం చేసే ఈ ప్రయత్నమే వైరస్ వృద్ధికి తోడ్పడటం గమనార్హం. పెరిగిన కాల్షియం ప్రభావంతో క్లోరైడ్ అయాన్లు పేగులోనికి స్రవిస్తాయి. సోడియం, నీరు వాటిని అనుసరిస్తాయి. వైరస్ లేకుండా ఈ ప్రోటీనును మాత్రమే ఇచ్చినా చిట్టెలుక పిల్లలకు విరేచనాలు కలుగుతాయని 1996లోనే తేలింది. వ్యాధి సోకిన కణం నుంచి కాల్షియం సంకేతాలు అలలుగా పొరుగు కణాలకు వ్యాపిస్తాయని 2020లో వెలువడిన పరిశోధన చూపింది.

పేడతోపాటు బైకార్బొనేట్ కూడా పోయి రక్తంలో ఆమ్లత పెరుగుతుంది. శరీరంలోని మొత్తం పొటాషియం తరుగుతున్నా, కణాల నుంచి వెలికి వచ్చినది రక్తంలో పెరిగి గుండె లయను దెబ్బతీయవచ్చు.

కనుక సోడియం, గ్లూకోజు, ఆమ్లతను తగ్గించే లవణం కలిసిన ద్రావణాన్ని వెంటనే తాగించడం ప్రథమ చికిత్స కావాలి. గ్లూకోజు తోడుగా సోడియం పేగు గోడను దాటే మార్గం ఈ వ్యాధిలోనూ చాలావరకు మిగిలి ఉంటుంది. పాలు పూర్తిగా మాన్పించడం పొరపాటు. అయితే బైకార్బొనేట్ ఉన్న ద్రావణాన్ని పాలతో కలపరాదు, అది పాలు గడ్డకట్టడాన్ని అడ్డుకుంటుంది. లేవలేని దూడకు సిర ద్వారానే ద్రవాలు ఎక్కించాలి. జ్వరం, పేడలో రక్తం ఉన్నప్పుడు యాంటీబయాటిక్ అవసరమో కాదో పశువైద్యుడు నిర్ణయించాలి.

పరిశోధకుల వంతు కూడా కొంత ఉంది. పేడ నమూనాలో వైరస్ రకాన్ని గుర్తించి ఆగిపోయే అధ్యయనం క్షేత్రస్థాయి వైద్యునికి సగమే ఉపయోగపడుతుంది. అవే దూడల రక్తంలో సోడియం, పొటాషియం, బైకార్బొనేట్ స్థాయిలను కూడా కొలవాలి. ముఖ్యంగా గేదె దూడలకు ఏ లవణం ఎంత మోతాదులో కావాలో ఆ లెక్కలే చెప్పగలవు.